స్టాండప్ చేస్తూ నటన, పాడ్‌కాస్ట్ కూడా పెట్టుకోవచ్చా? మార్క్ మారన్ కెరీర్ చూసి చెప్తున్నాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా స్టాండప్ చేస్తున్నారు. ఎవరైనా ఎక్కి చేసే ఓపెన్ మైకులు దాటి, టికెట్ పెట్టి గంటసేపు షో చేసేదాకా వచ్చారు. ఇప్పుడు ఒక వెబ్ సిరీస్‌లో హీరో స్నేహితుడి వేషానికి పిలుపు వచ్చింది. ఇంకోపక్క ఫ్రెండ్స్ "పాడ్‌కాస్ట్ పెట్టు, రీచ్ పెరుగుతుంది, సినిమావాళ్ల కళ్లలో పడతావు" అంటున్నారు. మూడూ నెత్తిన పెట్టుకుంటే ఏదీ సరిగ్గా రాకుండా పోతుందేమోనని మీ టెన్షన్. అమెరికన్ కమెడియన్ మార్క్ మారన్ మూడూ చేశాడు కదా, ఆయన దారి పట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు.

నేను చాలా కాలంగా పాడ్‌కాస్టులు ఎడిట్ చేస్తున్నాను, స్టాండప్ షోలకి సౌండ్ చూస్తున్నాను. మారన్ పాడ్‌కాస్ట్ 'డబ్ల్యూటీఎఫ్'ని ఈ పనిలోకి వచ్చిన కొత్తలోనే వినడం మొదలుపెట్టాను. ఎక్కడ కత్తిరించాలి, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు అన్నది అది వింటూనే చాలావరకు పట్టుబడింది. అందుకని ఆయన ఏం చేశాడు, ఏ వరసలో చేశాడు అన్నది కాస్త వివరంగా చెప్తాను. వరసే ముఖ్యం. ఆయన మూడు పనులు ఒకేసారి మొదలుపెట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా స్టేజీ మీద ఉన్నాక పాడ్‌కాస్ట్ వచ్చింది. పాడ్‌కాస్ట్‌లో ఎదుటి మనిషి మాట వినడం అలవాటయ్యాక నటన కుదిరింది. ముందు నటన వచ్చి ఉంటే అది నిలబడేది కాదని నా గట్టి నమ్మకం.

మారన్ 1963లో న్యూజెర్సీలో పుట్టాడు, న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీలో పెరిగాడు. తండ్రి ఎముకల డాక్టరు. బోస్టన్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివి, 1986లో డిగ్రీ చేతికి రాగానే లాస్ ఏంజెలెస్ వెళ్లాడు. అక్కడ 'కామెడీ స్టోర్' అనే క్లబ్బులో తలుపు దగ్గర నిలబడే ఉద్యోగం. అప్పట్లో ఆ క్లబ్బులో వెలిగిపోతున్న కమెడియన్ శామ్ కినిసన్ గుంపులో చేరాడు. కొకైన్ మరిగాడు. మనసు అదుపు తప్పే పరిస్థితి రావడంతో కొద్దికాలానికే ఆ ఊరు వదిలేశాడు. తర్వాత బోస్టన్, శాన్ ఫ్రాన్సిస్కో, న్యూయార్క్. 1990లలో న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లోని 'లూనా లౌంజ్' లాంటి చోట్ల కట్టుదిట్టమైన జోకుల బదులు కడుపులో ఉన్నది చెప్పుకునే కామెడీ ఒకటి పుట్టింది. ఆ గుంపులో మారన్ ముఖ్యుడు. కోనన్ ఓబ్రయన్ రాత్రి షోలో 40కి పైగా సార్లు కనిపించాడు.

ఇంత చేసినా పేరు రాలేదు. 1995లో 'సాటర్డే నైట్ లైవ్' అనే పేరున్న టీవీ కామెడీ షోలో చేరే అవకాశం దగ్గరదాకా వచ్చింది. ఆ షో అధిపతి లోర్న్ మైకేల్స్ స్వయంగా పిలిపించి మాట్లాడాడు, కానీ తీసుకోలేదు. బల్ల మీదున్న మిఠాయి ఒకటి నోట్లో వేసుకున్నందుకే తనని పక్కన పెట్టారేమోనని మారన్ ఏళ్ల తరబడి తలుచుకుని బాధపడ్డాడు. ఆయనతోపాటు మొదలుపెట్టినవాళ్లు ఒక్కొక్కరే టీవీ షోలు, సినిమాలు దక్కించుకున్నారు. ఆ అసూయని ఆయన ఎప్పుడూ దాచుకోలేదు. స్టేజీ మీద కోపం ఎక్కువ, జనంతో తగాదా పెట్టుకుంటున్నట్టు ఉండేది. మత్తు, మందు 1999లో మానేశాడు గానీ కోపం అంత త్వరగా వదల్లేదు.

ఆ రోజుల్లో నటన అంటే ఆయనకి చిన్నాచితకా వేషాలే. 2000లో వచ్చిన 'ఆల్మోస్ట్ ఫేమస్' సినిమాలో కోపంగా ఉన్న షో నిర్వాహకుడిగా ఒక్క సన్నివేశంలో కనిపించి "గేట్లు మూసేయండి" అని అరుస్తాడు. తర్వాత 'డబ్ల్యూటీఎఫ్' మొదట్లో వచ్చే సంగీతంలో వినిపించేది ఆ అరుపే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 2004లో ఆయన 'ఎయిర్ అమెరికా' రేడియోలో పొద్దుటి షోకి హోస్ట్‌గా చేరాడు. తెల్లవారకముందే లేచి, రోజూ గంటలకొద్దీ మైకు ముందు కూర్చోవాలి. స్టేజీ మీద పది సెకన్లు నవ్వు రాకపోతే గుండె జారుతుంది. రేడియోలో నవ్వేవాళ్లు కనపడరు, అయినా మాట సాగాలి. ఆ ఓపిక అక్కడ వచ్చింది. ఆ షోకి పనిచేసిన బ్రెండన్ మెక్‌డొనాల్డ్ అనే కుర్ర ప్రొడ్యూసర్ పరిచయమయ్యింది కూడా అక్కడే. ఆ షో 2005 చివర్లో ఆగిపోయింది. తర్వాత అదే సంస్థలో ఇంకొన్ని ప్రయత్నాలు జరిగాయి. చివరిది 2009 జులైలో మూతపడింది.

అప్పటికి మారన్‌కి 46 నిండబోతున్నాయి. రెండో పెళ్లి విడాకుల్లో ముగిసింది. చేతిలో పని లేదు. ఎయిర్ అమెరికా ఆఫీసు తలుపు తెరిచే కార్డులు మాత్రం ఇంకా మారన్, మెక్‌డొనాల్డ్‌ల దగ్గరే ఉన్నాయి. రాత్రిపూట ఎవరూ లేనప్పుడు స్టూడియోలోకి వెళ్లి మెక్‌డొనాల్డ్‌తో కలిసి మొదటి ఎపిసోడ్లు రికార్డు చేశాడు. 2009 సెప్టెంబర్ 1న మొదటిది విడుదలయ్యింది. కొన్నాళ్లకి లాస్ ఏంజెలెస్ హైలాండ్ పార్క్‌లోని తన ఇంటి గరాజ్‌కి మారిపోయాడు. పుస్తకాలు, పాత కాగితాలు, గిటార్లతో నిండిన ఆ గదిలో ఒక బల్ల, రెండు మైకులు. వారానికి రెండు ఎపిసోడ్లు, సోమవారం ఒకటి, గురువారం ఒకటి. పదహారేళ్లపాటు ఆ లెక్క తప్పలేదు.

మొదట్లో అతిథులంతా తోటి కమెడియన్లే. అందులో సగంమందితో ఆయనకి పాత గొడవలో, మాటపట్టింపులో ఉన్నాయి. ఎప్పుడో ఒక క్లబ్బులో అన్న మాట, ఎత్తకుండా వదిలేసిన ఫోను, వాళ్లకి దక్కి తనకి దక్కని అవకాశం. గంటసేపు మాట్లాడాక చివర్లో "మన మధ్య అంతా బానే ఉంది కదా" అని అడిగేవాడు. అది వింటున్నవాళ్లకి కొత్తగా అనిపించింది. టీవీలో కమెడియన్ ఇంటర్వ్యూ అంటే కొత్త సినిమా గురించి అయిదు నిమిషాలు, రెండు సిద్ధం చేసుకొచ్చిన జోకులు. ఇక్కడ ఇద్దరు పనివాళ్లు కూర్చుని పని గురించి, భయాల గురించి, తండ్రుల గురించి మాట్లాడుకుంటున్నారు.

2010 ఏప్రిల్‌లో హాలీవుడ్ కమెడియన్, నటుడు రాబిన్ విలియమ్స్ ఎపిసోడ్ వచ్చింది. మారన్ ఆయన ఇంటికే వెళ్లి రికార్డు చేశాడు. ఎక్కడికెళ్లినా గొంతులు మార్చి, పాత్రలు వేసి, ఎదుటివాళ్లకి ఊపిరి తీసుకోనివ్వని విలియమ్స్ ఆ రోజు నెమ్మదిగా మాట్లాడాడు. తాగుడు, మళ్లీ తాగుడులో పడడం, గుండె ఆపరేషన్, చావు గురించిన ఆలోచనలు, అన్నీ. 2014లో విలియమ్స్ పోయాక లోకం మళ్లీ ఆ ఎపిసోడ్ దగ్గరికి వెళ్లింది. 2022లో అమెరికా పార్లమెంటు గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని తమ జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. ఒక ఎడిటర్‌గా అది విన్నప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. మారన్ అక్కడ నవ్వించడానికి పోటీ పడలేదు. ఎదురుగా ప్రపంచంలోకెల్లా వేగంగా నవ్వించే మనిషి ఉన్నాడు, ఈయనా ఇరవై ఏళ్లుగా స్టేజీ మీద బతికినవాడు. అయినా మాటకి మాట అందించకుండా, ఆయన ఆగితే ఈయనా ఆగాడు. కమెడియన్‌కి అంతకంటే కష్టమైన పని లేదు. మీరు పాడ్‌కాస్ట్ పెడితే మొదటి పరీక్ష అదే.

అదే 2010లో కమెడియన్ కార్లోస్ మెన్సియా ఎపిసోడ్లు కూడా వచ్చాయి. మెన్సియా మీద ఇతరుల జోకులు ఎత్తుకుంటాడన్న ఆరోపణ ఉంది. మొదటిసారి కూర్చుని మాట్లాడినప్పుడు మెన్సియా అన్నిటికీ సాఫీగా జవాబు చెప్పి వెళ్లిపోయాడు. మారన్‌కి అది నచ్చలేదు, మనసులో ఏదో తేడా కొట్టింది. మెన్సియా తెలిసిన వేరే కమెడియన్లతో మాట్లాడి, మళ్లీ ఆయన్ని పిలిచి, అడగాల్సినవి నేరుగా అడిగాడు. అవన్నీ శ్రోతల ముందే పెట్టాడు. ఈ రెండు ఎపిసోడ్లు కలిపి వినండి. అతిథిని సంతోషపెట్టి పంపడం ఒక పని, నిజం రాబట్టడం ఇంకో పని. మారన్ రెండోది ఎంచుకున్నాడు. అలా చేసినా పెద్దవాళ్లు రావడం మానలేదు. 2015 జూన్‌లో ఒబామా అధ్యక్షుడిగా ఉండగానే ఆ గరాజ్‌కి వచ్చాడు. పక్కింటి పైకప్పు మీద భద్రతా సిబ్బంది, లోపల బల్లకి అటొకరు ఇటొకరు. దానికి రెండు రోజుల ముందే చార్ల్‌స్టన్‌లో నల్లజాతివాళ్ల చర్చిలో కాల్పులు జరిగాయి. జాతి వివక్ష గురించి ఆయన అక్కడ అన్న మాటలు దేశమంతా వార్తలయ్యాయి. అదే ఏడాది నవంబర్‌లో లోర్న్ మైకేల్స్ కూడా అతిథిగా వచ్చాడు. ఇరవై ఏళ్ల నాటి మిఠాయి సంగతి ఆయన్నే అడిగే అవకాశం దొరికింది.

ఇప్పుడు మీ ఫ్రెండ్స్ చెప్పిన 'రీచ్' విషయం. మారన్ పాడ్‌కాస్ట్ పెట్టింది వేషాల కోసం కాదు, పని లేక పెట్టాడు. ఎవరి అనుమతీ అక్కర్లేని పని అదొక్కటే కనిపించింది. అందుకే అందులో సినిమావాళ్లని మెప్పించే ధోరణి ఉండదు. డబ్బు కూడా మెల్లగానే వచ్చింది. మొదట్లో శ్రోతల చందాలు, ఒక కాఫీ కంపెనీ ప్రకటన. తర్వాత కొత్తగా వచ్చిన 50 ఎపిసోడ్లు ఉచితంగా ఉంచి, పాతవి వినాలంటే డబ్బు కట్టే పద్ధతి పెట్టారు. హోస్ట్ స్వయంగా చదివే ప్రకటనలు పెరిగాయి. ఎన్ని కంపెనీలతో ఒప్పందాలు జరిగినా ఆ పాడ్‌కాస్ట్ మారన్, మెక్‌డొనాల్డ్ ఇద్దరి సొంతం. ఇది రాసి పెట్టుకోండి. రేపు ఏదైనా ఛానెల్ వచ్చి "స్టూడియో మాది, కెమెరాలు మావి, మీరు వచ్చి కూర్చుంటే చాలు" అంటుంది. పేరు ఎవరిది, పాత ఎపిసోడ్లు ఎవరివి, మీరు బయటికొస్తే ఏం తీసుకెళ్లొచ్చు అన్నది ముందే కాగితం మీద ఉండాలి. రెండేళ్లు కష్టపడ్డాక ఉత్త చేతులతో బయటికొచ్చిన హోస్టులు నాకు తెలుసు.

మెక్‌డొనాల్డ్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను, నా వృత్తివాడు కాబట్టి. మారన్ లాస్ ఏంజెలెస్‌లో మాట్లాడితే ఆయన న్యూయార్క్‌లో కూర్చుని ఎడిట్ చేసేవాడు. ఇద్దరూ వేరే వేరే ఊళ్లలో ఉండి పదహారేళ్లు నడిపారు. మారన్ ఎపిసోడ్ మొదట్లో ఒక్కడే పది, పదిహేను నిమిషాలు మాట్లాడతాడు. పిల్లులు, ప్రయాణాలు, వంట, కోపాలు, భయాలు. చాలామంది అది దాటేసి అతిథి దగ్గరికి వెళ్లిపోతారు. నా లెక్కలో ఆ ఎపిసోడ్ ప్రాణం ఆ పదిహేను నిమిషాల్లోనే ఉంది. హోస్ట్ ముందు తన గుట్టు విప్పాక, అతిథిని లోతుగా అడిగే హక్కు వస్తుంది. అలా విప్పినదాంట్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని చూసే ఇంకో మనిషి లేకపోతే కమెడియన్ తన మాటల్లో తానే తప్పిపోతాడు. నిజాయితీ పేరుతో ఇంట్లోవాళ్లని, స్నేహితుల్ని బజారున పెట్టేస్తాడు. మారన్‌కి ఆ రెండో చెవి ఉంది. మీకు ఆ చెవి దొరికేదాకా పాడ్‌కాస్ట్ మొదలుపెట్టొద్దు. మైకు రెండు రోజుల్లో ఇంటికొస్తుంది, మంచి ప్రొడ్యూసర్ దొరకడానికి ఏళ్లు పడుతుంది.

ఇక నటన. 2013లో ఐఎఫ్‌సీ ఛానెల్‌లో 'మారన్' సిరీస్ మొదలై 2016 దాకా నాలుగు సీజన్లు నడిచింది. అందులో గరాజ్‌లో పాడ్‌కాస్ట్ చేసే కమెడియన్‌గా దాదాపు తనలాంటి మనిషినే వేశాడు. కమెడియన్లకి నటనలోకి ఇది మామూలు దారి, మనల్ని మనమే వేసుకోవడం. కానీ చివరి సీజన్ చూడండి. అందులో ఆ పాత్ర మళ్లీ మత్తులో పడి, ఇల్లు, పేరు అన్నీ పోగొట్టుకుని, సామాన్లు దాచుకునే గోదాము గదిలో బతుకుతుంది. నిజజీవితంలో జరగనిది, జరుగుతుందేమోనని రోజూ భయపడినది. తన జీవితం దాటి ఊహలోకి అడుగు పెట్టడం అక్కడ కనిపిస్తుంది.

2017లో నెట్‌ఫ్లిక్స్ 'గ్లో' వచ్చింది. 1980లలో ఆడవాళ్ల కుస్తీ షో తీసే శామ్ సిల్వియా అనే చవక సినిమాల దర్శకుడి పాత్ర. 53 ఏళ్ల వయసులో ఆయనకి నటుడిగా నిజమైన గుర్తింపు ఇదే. మూడు సీజన్లు వచ్చాయి. నాలుగోది మొదలయ్యాక కోవిడ్ వల్ల 2020లో ఆపేశారు. ఆ పాత్రలో మారన్ డైలాగ్ చెప్పేటప్పుడు కంటే ఎదుట తోటి నటీమణులు అలిసన్ బ్రీ, బెట్టీ గిల్పిన్ మాట్లాడుతున్నప్పుడు ఆయన మొహం చూడండి. స్టాండప్ నుంచి వచ్చినవాళ్లు సాధారణంగా ఎదుటివాళ్ల డైలాగ్ అయిపోయేదాకా తమ వంతు కోసం కాచుకుంటారు. కళ్లలో అది తెలిసిపోతుంది. మారన్ కళ్లలో ఆ తొందర లేదు. గరాజ్‌లో వందలమంది ఎదురుగా కూర్చుని, వాళ్లు చెప్పేది నిజంగా విన్న అలవాటు అది. ఇది నా అభిప్రాయమే, కానీ ఆయన 2000లో, 2010ల మొదట్లో చేసిన చిన్న వేషాలు, 'గ్లో' పక్కపక్కన పెట్టి చూస్తే మీకూ కనిపిస్తుంది.

ఆ తర్వాత 2019లో 'జోకర్'లో చిన్న పాత్ర, 2021లో గాయని అరీతా ఫ్రాంక్లిన్ జీవితకథ 'రెస్పెక్ట్'లో సంగీత నిర్మాత జెర్రీ వెక్స్లర్, 2022లో 'ద బ్యాడ్ గైస్' యానిమేషన్‌లో పాము గొంతు, అదే ఏడాది 'టు లెస్లీ', 2025లో యాపిల్ సిరీస్ 'స్టిక్'. ఈ లిస్టు వేగంగా చెప్పి వదిలేస్తున్నాను. 'టు లెస్లీ' మాత్రం తప్పకుండా చూడండి. 19 రోజుల్లో తీసిన చిన్న సినిమా. తాగుడుకి బానిసైన ఒక స్త్రీకి పని ఇచ్చి నిలబెట్టే మోటెల్ నిర్వాహకుడి పాత్ర ఆయనది. ఏ ఆర్భాటమూ లేకుండా చేశాడు.

ఆ సినిమాకి ముందు ఆయన జీవితంలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. అది మీ ప్రశ్నకి నేరుగా సంబంధించినది కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. దర్శకురాలు లిన్ షెల్టన్ ఆయన సహచరి. 'మారన్', 'గ్లో' ఎపిసోడ్లు కొన్ని ఆవిడే తీసింది. 2019లో ఆయనతో 'స్వోర్డ్ ఆఫ్ ట్రస్ట్' సినిమా, 2020 మార్చిలో విడుదలైన స్టాండప్ స్పెషల్ 'ఎండ్ టైమ్స్ ఫన్' కూడా ఆవిడవే. అది వచ్చిన రెండు నెలలకి, 2020 మే 16న, అప్పటిదాకా బయటపడని రక్త క్యాన్సర్‌తో ఆవిడ హఠాత్తుగా చనిపోయింది. రెండు రోజుల తర్వాత సోమవారం. ఎపిసోడ్ రావాల్సిన రోజు. మారన్ మైకు ముందు కూర్చుని ఏడుస్తూ మాట్లాడాడు. ఆవిడతో ఎప్పుడో 2015లో చేసిన పాత సంభాషణని దాని వెనక పెట్టాడు.

అదే దుఃఖం స్టాండప్‌గా మారి, న్యూయార్క్ టౌన్ హాల్‌లో రికార్డయి, హెచ్‌బీఓలో 'ఫ్రమ్ బ్లీక్ టు డార్క్' పేరుతో వచ్చేసరికి 2023 ఫిబ్రవరి అయ్యింది. అంటే దాదాపు మూడేళ్లు. ఈ మధ్యలో ఆయన లాస్ ఏంజెలెస్‌లోని చిన్న చిన్న థియేటర్లలో, క్లబ్బుల్లో వారం వారం ఆ విషయాన్ని కొంచెం కొంచెం చెప్పి చూశాడు. ఆయన జోకులు కాగితం మీద పూర్తిగా రాసుకోడు. నోట్సు పెట్టుకుని, స్టేజీ మీద మాట్లాడుతూ మాట్లాడుతూ రూపం తెచ్చుకుంటాడు. ఎక్కడ నవ్వొస్తుంది, ఎక్కడ జనం ఇబ్బందిగా కదులుతారు, ఎక్కడ నిశ్శబ్దాన్ని అలాగే ఉంచాలి అన్నది అలా తేలుతుంది.

పచ్చిగా ఉన్నదాన్ని పాడ్‌కాస్ట్ ఆ రోజే తీసుకుంటుంది. గొంతు వణికినా ఫర్వాలేదు, శ్రోత ఒక్కడే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటుంటాడు. స్టాండప్‌లో అలా కుదరదు. అయిదొందలమంది టికెట్ కొని కూర్చున్నారు. మీ ఏడుపు చూసి వాళ్లు జాలిపడితే షో అక్కడితో అయిపోతుంది. మీరు దాన్ని దాటి వచ్చారని వాళ్లకి తెలియాలి, అప్పుడే నవ్వగలరు. దానికి టైమ్ పడుతుంది, స్టేజీ మీద గంటలు పడతాయి. నటనలో మళ్లీ వేరే. అక్కడ మీ దుఃఖం పేరు చెప్పకుండా వేరే మనిషి దుఃఖంలోకి పోస్తారు. ఒకే అనుభవం మూడు చోట్లా పనికొస్తుంది, ఒక్కో చోటికి వెళ్లే వేగం వేరు.

అందుకని మీరు పాడ్‌కాస్ట్ పెట్టినప్పుడు ఒక జాగ్రత్త పాటించండి. స్టేజీకి పనికొచ్చేలా ఉన్న కథని పాడ్‌కాస్ట్‌లో జోకులాగా ముగించి చెప్పేయకండి. అక్కడ ఆలోచనగానే ఉంచండి. ముగింపు స్టేజీ మీద దొరకాలి. మనవైపు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. తెలుగులో పాడ్‌కాస్ట్ అంటే జనం యూట్యూబ్‌లో చూస్తారు, మంచి ముక్క కనపడితే ఎవరో ఒకరు నిమిషం క్లిప్ కట్ చేసి పెడతారు. పక్క నెల మీ షోకి వచ్చినవాళ్లు ఆ ముక్క ముందే విని ఉంటారు. 'డబ్ల్యూటీఎఫ్' ఆడియోగానే నడిచింది. కెమెరా లేనందువల్ల అతిథులు మొహం సర్దుకోవాల్సిన అవసరం లేకపోయింది. మీరు కనీసం మొదటి కొన్ని నెలలు ఆడియోతోనే చేయమని నా సలహా. వ్యూస్ తక్కువ వస్తాయి. మాట్లాడడం మాత్రం వస్తుంది.

అతిథుల విషయం. సినిమావాళ్ల వెంట పడొద్దు. హైదరాబాద్‌లో మీతోపాటు తెలుగు, హిందీ, ఇంగ్లిష్ కలిపి చేస్తున్న కమెడియన్లు ఉన్నారు. మిమిక్రీ నుంచి వచ్చినవాళ్లున్నారు, 'జబర్దస్త్' లాంటి టీవీ స్కిట్ల నుంచి వచ్చినవాళ్లున్నారు. ఆ షోలో నవ్వించిన వేణు 'బలగం' తీసి దర్శకుడయ్యాడు. ఈ మూడు దారులవాళ్లూ పని ఎలా చేస్తారో ఒకరితో ఒకరు కూర్చుని తీరిగ్గా మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు. స్కిట్ రాసేవాళ్లు వారంలో ఎలా రాస్తారు, ఊళ్లలో ఈవెంట్లలో మైకు పాడైతే మిమిక్రీ ఆర్టిస్టు ఏం చేస్తాడు, తెలుగులో పంచ్ వాక్యం చివర క్రియ దగ్గర పడాలా, ముందే పడాలా. ఇలాంటివి మీరు తప్ప ఎవరూ అడగరు, ఎందుకంటే అడగాలంటే ఆ పని చేసి ఉండాలి. మారన్‌కి మొదటి శ్రోతలు దొరికింది సరిగ్గా ఇలాంటి సంభాషణల వల్లే.

ఆపడం గురించి కూడా అడిగారు, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం చేయాలా అని. అక్కర్లేదు. మారన్ 2025 జూన్‌లో ఆపేస్తున్నామని చెప్పాడు. అలసిపోయామని, చేసినదానితో తృప్తిగా ఉన్నామని చెప్పాడు. అక్టోబర్ 13న 1,686వ ఎపిసోడ్‌తో ముగించాడు. చివరి అతిథి మళ్లీ ఒబామానే, ఈసారి మారన్ వాషింగ్టన్‌లోని ఆయన ఆఫీసుకి వెళ్లాడు. అదే ఏడాది ఆగస్టులో 'ప్యానిక్డ్' అనే కొత్త స్టాండప్ స్పెషల్ కూడా హెచ్‌బీఓలో వచ్చింది. పాడ్‌కాస్ట్ ఆగింది, స్టేజీ ఆగలేదు. మూడింట్లో ఆయన ఎప్పుడూ వదలనిది స్టాండప్ ఒక్కటే.

కాబట్టి మీ విషయానికొస్తే, ఆ వేషం ఒప్పుకోండి. హీరో స్నేహితుడి పాత్రే అయినా సెట్‌లో ఎదుటి నటుడి మాట వింటూ నిలబడడం ఏమిటో తెలుస్తుంది. అదే రకం వేషాలు వరసగా పది వస్తే అప్పుడు ఆలోచించండి, మనవాళ్లు కమెడియన్‌కి ఒక ముద్ర వేశారంటే అది చెరగదు. షూటింగ్‌లో పిలిచే టైమ్ ఒకటి, మీ సీన్ తీసే టైమ్ ఇంకొకటి ఉంటుంది. శుక్ర, శని, ఆదివారాల సాయంత్రాలు మీ షోలవి. టికెట్లు అమ్మేసిన షోని షూటింగ్ కోసం రద్దు చేసే అలవాటు ఒక్కసారి కూడా చేసుకోవద్దు, క్లబ్బులవాళ్లు గుర్తు పెట్టుకుంటారు. ఒప్పుకునే ముందే ప్రొడక్షన్ మేనేజర్‌తో మాట్లాడి, మీ డేట్లు అన్నీ ఒకే గుత్తిగా ఇవ్వమనండి, అదీ మెసేజ్‌లో రాయించుకోండి.

పాడ్‌కాస్ట్ ఈ ఏడాదికి పక్కన పెట్టండి. ఈలోగా ప్రొడ్యూసర్‌ని వెతకండి. మీ జోకులకి ఊరికే నవ్వే స్నేహితుడు వద్దు. "ఇది బాలేదు, తీసేద్దాం" అని మొహం మీద చెప్పి, మళ్లీ వారం కూడా మీతో కూర్చునేవాళ్లు కావాలి. దొరికాక ఇద్దరూ కలిసి విడుదల చేయకుండానే ఓ అయిదారు ఎపిసోడ్లు రికార్డు చేసి, వాటిలో మీరు అతిథి మాటకి ఎన్నిసార్లు అడ్డం వెళ్లారో వినండి. గది కోసం ఖర్చు పెట్టకండి. బట్టల బీరువా, పరుపు ఉన్న పడకగదిలో ఫ్యాన్ ఆపి రికార్డు చేస్తే ప్రతిధ్వని చాలావరకు పోతుంది. మైకులు మాత్రం ఇద్దరికీ రెండు, ఒకే రకానివి ఉండాలి. ఇద్దరూ ఒకే మైకులో మాట్లాడినది తీసుకొచ్చి బాగుచేయమంటే నేను చేయలేను, ఇంకెవరూ చేయలేరు.